బుల్లియ్య మూర

తన పొలం కొలతను అచ్చిబాబు చేతులారా రెండుసార్లు పాడుచేసుకున్నాడు. మొదటిసారి విరిగింది వెదురు గడ. రెండోసారి తెగింది అన్న చెయ్యి. మూడోసారి నరకడానికి ఇంకేమీ మిగల్లేదు కాబట్టి పాలమెరక ఊళ్లో ఇప్పుడు కాస్త ప్రశాంతంగా ఉంది.

మొదటి నుంచీ చెబితే గానీ ఆ మనిషి బుర్ర ఎంత వేడిదో తెలియదు. ముప్పై ఏళ్ల కిందట వాళ్ల నాన్న మంచాన పడి, కొడుకులిద్దర్నీ పిలిచి, నోటి మాట మీదే పొలం పంచేశాడు. తూర్పున మురుగు కాలువ ఒడ్డు మీద ఒక పాత రాయి ఉంది. ఆ రాయి దగ్గర మొదలుపెట్టి పడమరకి ఇరవై గడలు చిన్నోడు అచ్చిబాబుకి, మిగిలిందంతా పెద్దోడు బుల్లియ్యకి. పెద్దోడికి కాస్త ఎక్కువే వచ్చింది. కానీ అది పల్లం, గట్టి వాన కురిస్తే వారం రోజులు నీళ్లలోనే ఉంటుంది. అందుకని అందులో ఎవరికీ పేచీ లేదు.

పేచీ అంతా తూము దగ్గర ఉంది. పంట కాలువ నీళ్లు ఆ పొలంలోకి దిగేది ఒక్క తూములోంచే. తూము ఎవరి గట్టు లోపల ఉంటే వాళ్లు ముందు తడుపుకుంటారు, రెండోవాళ్లు వాళ్ల దయ మీద బతుకుతారు. అచ్చిబాబు ఇరవయ్యో గడ ఆ తూముని దాటి రెండు బారల అవతల పడింది. తూము అతనిదైంది.

గడ అంటే ఎనిమిది మూరల వెదురు. మోచెయ్యి కొస నుంచి నడిమి వేలు చివరిదాకా మూర. ఆ ఇంట్లో ఆనవాయితీ ఏంటంటే, గడ కట్టాల్సి వస్తే ఇంటి పెద్ద చెయ్యి పెట్టి కట్టాలి. తండ్రి చెయ్యి అప్పటికే బిగుసుకుపోయి చాపడానికి రావడం లేదు. "పెద్దోడి చెయ్యి పెట్టండి" అన్నాడు ఆయన. ఈ బుల్లియ్య పేరుకే బుల్లియ్య, మనిషి గుమ్మంలోంచి వంగి వచ్చే పొడుగు. చేతులు మోకాళ్ల దాకా వేలాడతాయి. ఆ చెయ్యి పెట్టి కట్టిన గడ ఊళ్లో మామూలు గడ కంటే జానెడు దాటి ఉంది. అన్న చెయ్యి పొడుగు కావడం వల్ల తమ్ముడి వాటా పెరిగింది. అది ఊరందరికీ తెలుసు, బుల్లియ్యకి అందరికంటే బాగా తెలుసు.

ఇంకో సంగతి కూడా ఊరందరికీ తెలుసు. పంపకాలు అయిన మరుసటేడు, నూర్పిడి మిషను బెల్టులో అచ్చిబాబు చొక్కా పడింది. బుల్లియ్య పరుగున వచ్చి తమ్ముణ్ణి వెనక్కి ఈడ్చాడు. ఆ ఈడ్వడంలో ఎడం చెయ్యి బెల్టుకి ఇచ్చేశాడు. వేళ్లు ఐదూ పోయాయి. అచ్చిబాబుకి చొక్కా పోయింది.

అంత చేసిన అన్న మీద చెయ్యెత్తడానికి ఎవరికైనా మనసు రావాలా? అచ్చిబాబుకి వచ్చింది. ఎనిమిదేళ్ల కిందట దాళ్వా పంటకి నీళ్లు చాలక కాలువ మీద వంతులు పెట్టారు. బుల్లియ్య తన వంతు రాకముందే తూము తలుపు ఎత్తాడు. అది తప్పే. అచ్చిబాబు చూసి, ఇంటికి పరిగెత్తి, అటక మీద దాచిన గడ లాక్కొచ్చి అన్న వీపు మీద వేశాడు. మొదటి దెబ్బకి గడ నడుమ పగిలింది. రెండో దెబ్బకి రెండు ముక్కలైంది. చేతిలో ఒక ముక్క మిగిలింది కదా అని దాంతో కూడా కొట్టాడు. బుల్లియ్యకి రెండు పక్కటెముకలు విరిగాయి. ఆ వెదురు ముక్కల్ని అచ్చిబాబు పెళ్లాం వెంకటదుర్గ నీళ్ల కాగు కింద పెట్టేసింది. తన పొలం కొలత మండుతుంటే, ఆ వేడినీళ్లతోనే అచ్చిబాబు ఒంటి బురద కడుక్కున్నాడు.

ఇంక మిగిలింది మధ్య గట్టు. ఇరవయ్యో గడ దగ్గర పాతిన హద్దు రాయి, నాట్లకి ట్రాక్టరు దమ్ము చేస్తున్నప్పుడు ఎప్పుడో ఊడి ఎటో పోయింది. గట్టు సంగతి చెప్పక్కర్లేదు. ఏటా దమ్ముకి ముందు ఇటువాడు అటు చెక్కుతాడు, అటువాడు ఇటు చెక్కుతాడు. పారకి ఒక పెచ్చు వస్తుంది. అడిగితే గడ్డి చెక్కుతున్నానంటారు. ఎనిమిదేళ్లుగా ఆ గట్టు అటూ ఇటూ నడుస్తూనే ఉంది. సర్కారు భూములన్నీ మళ్లీ కొలిచే రీసర్వే వచ్చేనాటికి తూము ఏ వైపుదో గట్టుని చూసి చెప్పే స్థితి లేదు.

గ్రామ సర్వేయరు రమ్యశ్రీ నిడదవోలు పిల్ల, చురుకైంది. రోవరు అనే మూడు కాళ్ల కొలత యంత్రాన్ని భుజాన వేసుకుని ఎండలో తిరుగుతుంది. అన్నదమ్ములిద్దర్నీ గ్రామ సచివాలయానికి పిలిపించి, నీటి సంఘం మాజీ ప్రెసిడెంటు జానకిరామ్ గారిని మధ్య మనిషిగా కూర్చోబెట్టింది.

"రికార్డులో మీ ఇద్దరిదీ కలిపే ఉందండి. ఇద్దరూ ఒప్పుకుంటే విడగొట్టి ఎవరి మ్యాపు వాళ్లకి ఇస్తాను. నాకు మీటర్లలో కావాలి. ఇరవై గడలంటున్నారు. గడంటే ఎన్ని అడుగులండి?"

"పన్నెండమ్మా" అన్నాడు బుల్లియ్య. "లోకమంతా పన్నెండే."

"లోకం సంగతి మనకెందుకండి?" అన్నాడు అచ్చిబాబు. "మా గడ లోకం మూర పెట్టి కట్టింది కాదు. ఆయన మూర పెట్టి కట్టింది. అదుగో, బల్ల మీద పెట్టుకున్నాడే, ఆ కుడి చెయ్యి."

బుల్లియ్య ఆ చెయ్యి తీసి బల్ల కిందకి పెట్టుకున్నాడు.

రమ్యశ్రీ ఫోన్లో లెక్క కట్టింది. "మూర పద్దెనిమిది అంగుళాలైతే గడ పన్నెండు అడుగులు. అప్పుడు అచ్చిబాబు గారికి ఎకరా ఎనభై రెండు సెంట్లు వస్తాది. మూర ఇరవై అంగుళాలైతే గడ పదమూడడుగుల నాలుగంగుళాలు. అప్పుడు రెండెకరాల రెండు సెంట్లు."

"కుంచాల్లో చెప్పమ్మా" అన్నారు జానకిరామ్ గారు. ఆయనకి పది సెంట్ల కుంచమే తెలుసు, ఆ సెంట్లు ఆయన చెవికి ఎక్కవు.

"పద్దెనిమిది కుంచాలు, లేకపోతే ఇరవై కుంచాలండి. తేడా రెండు కుంచాలు."

"ఆ రెండు కుంచాల్లోనే తూముంది" అన్నాడు అచ్చిబాబు.

అప్పుడే అతను నోరు జారాడు. లేచి నిలబడి బల్ల మీద అరచేత్తో కొట్టాడు. టీ గ్లాసులు దొర్లి రమ్యశ్రీ కాగితాలన్నీ తడిశాయి. "ఆయన మూర ఎంతైతే అంతే నాది. మోచెయ్యి దగ్గర నుంచి చెయ్యి చివరిదాకా. ఏ రోజు కొలిస్తే ఆ రోజు ఎంతుంటే అంత. ఒక్క అంగుళం ఎక్కువడిగితే నా తల నరికి ఆ మురుగు కాలవలో పారెయ్యండి." బుల్లియ్య అల్లుడు సుకుమార్ గుమ్మం దగ్గర నిలబడి ఫోన్లో ఇదంతా వీడియో తీశాడు.

"నా చెయ్యేమన్నా గవర్నమెంటు టేపా, అడిగినోడికల్లా చాపడానికి?" అన్నాడు బుల్లియ్య.

"చాపకపోతే నేనే చాపిత్తాను" అని అచ్చిబాబు బల్ల కిందకి వంగి అన్న మణికట్టు పట్టుకుని లాగాడు. బుల్లియ్య లేవలేదు. తల వెనక్కి తీసుకుని నుదుటితో తమ్ముడి ముక్కు మీద పొడిచాడు. ముక్కు లోపల ఏదో పటుక్కుమంది. తడిసిన కాగితాల మీద టీ కంటే నెత్తురు ఎక్కువైంది. ఇద్దర్నీ విడదీయడానికి నలుగురు కావాల్సి వచ్చింది. రమ్యశ్రీ రోవరు కర్ర అడ్డం పట్టుకుని గోడకి ఆనుకుని నిలబడింది. ఇలాంటివి ఆ పిల్లకి ట్రైనింగులో చెప్పి ఉండరు.

బుల్లియ్య పెళ్లాం పాపాయమ్మ అంతవరకూ మెట్ల మీద కూర్చుని ఉంది. లోపలికి వచ్చి మొగుడితో అంది: "కొలిపించుకోండి. ఆ చెయ్యి పెట్టే మామయ్య గారికి మాటిచ్చారు. రెండు కుంచాల కోసం నలుగురిలో చెయ్యి దాచుకుంటారా?"

బుల్లియ్య చెయ్యి మళ్లీ బల్ల మీద పెట్టాడు. "సరే. శుక్రవారం పొద్దున్నే పొలం దగ్గరకి రమ్మనండి. వెదురు మాత్రం వాడే నరుక్కొచ్చుకోవాలి" అన్నాడు.

అక్కడితో అచ్చిబాబు గెలిచాడు. ముక్కుకి దూది పెట్టుకుని ఇంటికి వెళ్లాడు గానీ, లోపల పండగ చేసుకున్నాడు. తూము తనది, ఇరవై కుంచాలూ తనవి. రెండు రోజులు నోరు మూసుకుని కూర్చుంటే చాలు. ఆ రెండు రోజులూ కూర్చున్నాడు పాపం.

శుక్రవారం తెల్లవారాక కొబ్బరి కత్తి తీసి సానరాయి మీద నూరుతున్నాడు. వెంకటదుర్గ కల్లాపి చల్లుతూ చెప్పింది: "ఏవండీ, నిన్న సాయంత్రం సర్వేయరమ్మాయి ఫోన్ చేసిందండి. గట్టు మీద గడ్డి చెక్కించమంది, రెండు పక్కలా. కొలత పట్టడానికి అడ్డం ఉండకూడదంట. వాళ్లకీ చెప్పిందంట." సానరాయి చప్పుడులో అతనికి కత్తి పదునే వినబడింది. "ఆఁ" అన్నాడు. ఆ "ఆఁ" అనడమే కొంప ముంచింది.

కాలవ గట్టు మీద పొదలోంచి నిటారుగా ఉన్న పచ్చి వెదురు ఎంచి నరికాడు. కణుపులు చెక్కి, భుజాన వేసుకుని, కత్తి చేత్తో పట్టుకుని చేలోకి దిగాడు. మంచు ఇంకా పూర్తిగా విడలేదు. మధ్య గట్టు మీద పొడుగు మనిషి ఒకడు వంగి ఉన్నాడు. పార కర్రని మొండి ఎడం చేతి కింద బిగించి, కుడి చేత్తో ఎత్తి దించుతున్నాడు. పార దిగినప్పుడల్లా గట్టు పెచ్చు ఊడి కింద పడుతోంది. పెచ్చు ఊడుతున్నది అచ్చిబాబు వైపు నుంచే.

ఇంకో మనిషైతే ముందు అడుగుతాడు. అచ్చిబాబు కూడా అడిగాడు, కాకపోతే తిట్టి అడిగాడు. "కొలత రోజున కూడా దొంగ బుద్ధి పోలేదేంట్రా నీకు?" అన్నని 'రా' అనడం పుట్టి బుద్ధెరిగాక అదే మొదటిసారి.

బుల్లియ్య నడుం ఎత్తాడు. సర్వేయరు చెప్పింది అంటే సరిపోయేది. అనలేదు. ఈ ఇంట్లో ఎవరూ సరిపోయే మాట అనరు. "నా గట్టు నేను చెక్కుకుంటన్నా. నీకు నొప్పేంటి?" అన్నాడు.

అచ్చిబాబు వెదురు కింద పడేసి మీదకి వెళ్లాడు. బుల్లియ్య పార కర్ర తిప్పి దవడ మీద కొట్టాడు. అచ్చిబాబు పన్ను ఒకటి ఊడి నాలుక మీద పడింది. ఉమ్మి, తలతో అన్న పొట్టలో కుమ్మాడు. ఇద్దరూ గట్టు మీద నుంచి పక్కనున్న బోదె కాలవలో పడ్డారు. మోకాలి లోతు బురద. బుల్లియ్య పైకొచ్చి, తమ్ముడి మెడ మీద మోకాలు పెట్టి మొహాన్ని బురదలోకి తొక్కాడు. ఊపిరి అందలేదు. ముక్కులో దూది, నోట్లో నెత్తురు, చెవుల్లో మట్టి. అచ్చిబాబు కాళ్లు కొట్టుకున్నాయి. ఏదోలా ఒక పక్కకి దొర్లి లేచేసరికి, కత్తి ఇంకా తన చేతిలోనే ఉంది.

బుల్లియ్య గట్టెక్కాడు. జారకుండా కుడి చేత్తో తూము రాయిని పట్టుకున్నాడు. ఆ చెయ్యి తూము మీద ఉండటం అచ్చిబాబుకి కనబడింది. ఇంకేమీ కనబడలేదు. రెండు చేతులతో కత్తి ఎత్తి దించాడు.

కొబ్బరి కత్తి బరువు. ఒక్క వేటుకే రాయికి తగిలి ఖంగుమంది. చెయ్యి మణికట్టు దగ్గర తెగి తూములోకి జారింది. కాలవ నీళ్లు దాన్ని మెల్లగా తిప్పి అచ్చిబాబు చేలోకి తీసుకొచ్చి అతని కాళ్ల దగ్గర ఆపాయి. వేళ్లు ఇంకా కదులుతున్నాయి. బుల్లియ్య మొండిని కడుపుకి అదుముకుని, తమ్ముడి మొహంలోకి చూస్తూ మోకాళ్ల మీద కూలబడ్డాడు. "సర్వేయరమ్మ... చెక్కమందిరా" అన్నాడు.

పొద్దున సానరాయి చప్పుడులో పెళ్లాం చెప్పిన మాట అచ్చిబాబుకి అప్పుడు వినబడింది. మాటకి మాట, పొల్లు పోకుండా వినబడింది. నోటికొచ్చినట్టు తనని తానే తిట్టుకుంటూ, లుంగీ చింపి అన్న చేతికి కట్టబోయాడు. బుల్లియ్య కాలితో తన్ని దగ్గరకి రానివ్వలేదు. కేకలు విని పరిగెత్తుకొచ్చిన వెంకటదుర్గే ఆ చేతిని నీళ్లలోంచి తీసి తడి తువ్వాల్లో చుట్టింది. కాకినాడ ఆసుపత్రిలో డాక్టర్లు చూసి, బురద పట్టేసింది, అతకడం కుదరదన్నారు.

అచ్చిబాబు జంగారెడ్డిగూడెం పారిపోయి బావమరిది పామాయిల్ తోటలో దాక్కున్నాడు. అన్నం ముందు పెడితే చేతికేసి చూసుకుంటూ కూర్చునేవాడు. పోలీసులు ఇవాళ వస్తారా, రేపు వస్తారా అని గేటు చప్పుడైతే చాలు చెట్ల వెనక్కి పోయేవాడు. వాళ్లు రాలేదు. ఆసుపత్రికి వచ్చిన హెడ్ కానిస్టేబుల్‌తో బుల్లియ్య, జారి నా పార మీద నేనే పడ్డానన్నాడట.

"చెయ్యి మొత్తం తెగేలాగానా?" అని అడిగాడట ఆయన.

"మా పారలు పదునండి" అన్నాడట బుల్లియ్య.

ఆ కబురు విని అచ్చిబాబు తోటలో మట్టి మీద కూర్చుని ఏడ్చాడు. ఎంతైనా తోడబుట్టినవాడు, కడుపులో పెట్టుకున్నాడు అనుకున్నాడు. వెర్రి బాగులోడు. ఊరికి వచ్చి జున్ను గిన్నె పట్టుకుని అన్న గుమ్మం ఎక్కాడు. పాపాయమ్మ అడ్డం నిలబడింది.

"ఎందుకొచ్చావు? ఒక చెయ్యి నీకోసం పోయింది, ఒకటి నీ వల్ల పోయింది. ఆయనకి నేనే మొహం కడుగుతున్నాను, నేనే తినిపిస్తున్నాను. దొడ్డికెళ్లినా నేనే కడుగుతున్నాను. నీ జున్ను ఏ చేత్తో తింటారు?"

"వదినా, కేసు పెట్టలేదంట కదా" అన్నాడు అచ్చిబాబు.

లోపల్నించి బుల్లియ్య గొంతు వచ్చింది. "వాణ్ణి జైల్లో పెడితే నాకేం లాభం? గడ ఎవరు కడతారు?"

పుండు మానాక జానకిరామ్ గారి చేత కబురు వచ్చింది. గడ కట్టడానికి రమ్మన్నాడనీ, ఆ రోజు నరికిన వెదురే తెమ్మన్నాడనీ. వెదురు ఇంకా గట్టు పక్కనే పడి ఉంది. ఎండి పసుపు రంగుకి తిరిగింది. అచ్చిబాబు దాన్ని తీసి భుజాన వేసుకున్నాడు. వెంకటదుర్గ ఇంట్లోంచి అదే కత్తి తెచ్చి ఇచ్చింది. ఆ ఇంట్లో ఇంకో కత్తి లేదు.

మురుగు కాలవ రాయి దగ్గర అందరూ ఉన్నారు. రమ్యశ్రీ రోవరు నిలబెట్టింది. బుల్లియ్య కుర్చీలో కూర్చుని, కుడి చెయ్యి మోకాలి మీద పెట్టుకున్నాడు. మణికట్టు దగ్గర చర్మం ముడతపడి ఎర్రగా ఉంది.

"ఎలాగండి మరి?" అన్నారు జానకిరామ్ గారు. "మూర కొలవడానికి వేళ్లు లేవు కదా. మధ్యే మార్గంగా పంతొమ్మిది అంగుళాలు అనుకుందాం."

"అనుకోవడాలు వద్దండి. సుకుమార్, అది పెట్టు" అన్నాడు బుల్లియ్య.

సుకుమార్ ఫోన్ పైకెత్తాడు. అచ్చిబాబు గొంతు చేలో గట్టిగా వినబడింది. మోచెయ్యి దగ్గర నుంచి చెయ్యి చివరిదాకా. ఏ రోజు కొలిస్తే ఆ రోజు ఎంతుంటే అంత.

బుల్లియ్య మొండి చెయ్యి ముందుకి చాపాడు. "ఇదే నా చెయ్యి. ఇవాళ ఇంతుంది. కొలు."

లెక్క అందరికీ అర్థమైంది. వేళ్లూ అరచెయ్యీ పోయాక ఆ మూర పన్నెండు అంగుళాలు ఉంటుందేమో. గడ ఎనిమిది అడుగులకి దిగిపోతుంది. ఇరవై కుంచాలు పన్నెండు అవుతాయి. తూము ఎక్కడో అవతల ఉండిపోతుంది.

రమ్యశ్రీకి కోపం వచ్చింది. "ఇది కొలత కాదండి, పగ. అచ్చిబాబు గారూ, మీరు ఒప్పుకోవక్కర్లేదు. వద్దంటే నేను రోవరు మడిచేసి వెళ్లిపోతాను. ఉమ్మడిగానే ఉంటాది. మిమ్మల్ని ఎవరూ ఏం చెయ్యలేరు."

ఆ పిల్ల చెప్పింది నిజమే. ఒక్క 'వద్దు' చాలు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా. ఎనిమిది కుంచాలు, పైగా తూము. ఆ పొలం తప్ప అచ్చిబాబుకి ఇంకేం ఉంది? అన్న కేసి చూశాడు. అన్న బతిమాలడం లేదు, బెదిరించడం లేదు. చాపిన చెయ్యి దించడం లేదు. నీళ్లలో వేళ్లు కదలడం అచ్చిబాబుకి మళ్లీ కనబడింది. ఆ తూము మీద తను ఇంక కాలు పెట్టగలడా? పెట్టలేడు.

"ఆయ్, ఒప్పుకుంటన్నానండి" అన్నాడు.

వెదురు అన్న ఒళ్లో అడ్డం పెట్టి మోకాళ్ల మీద కూర్చున్నాడు. ఒక చేత్తో మోచెయ్యి పట్టి వెదురు కొసకి ఆనించాడు. మొండి ఎక్కడ ఆగిందో అక్కడ కత్తితో గాటు పెట్టాడు. చెయ్యి జరిపి మళ్లీ ఆనించాడు. చర్మం వేడిగా ఉంది, కింద ఎముక కొస గుండ్రంగా తగులుతోంది. కత్తి దగ్గరకి వచ్చినప్పుడల్లా ఆ చెయ్యి దానంతటదే బిగుసుకుంటోంది. మూడో గాటుకి అచ్చిబాబు ఏడుపు ఆపుకోలేకపోయాడు.

"ఏడిస్తే గాటు వంకరపోద్ది" అన్నాడు బుల్లియ్య. "తిన్నగా పెట్టు."

ఎనిమిది గాట్లయ్యాక మిగిలిన వెదురు నరికేశాడు. ఆ గడ పట్టుకుని రాయి దగ్గర మొదలుపెట్టి తనే ఇరవైసార్లు తిప్పి వేశాడు. చివరి గడ తన వరి మధ్యలో పడింది. తూము ఇంకా తొంభై అడుగులకి పైనే ఉంది. జానకిరామ్ గారు తెచ్చిన కొత్త రాయిని తనే గొయ్యి తవ్వి పాతాడు. రమ్యశ్రీ రోవరు నొక్కి, సామాను సర్దుకుంది. వెంకటదుర్గ గట్టు మీద కూలబడి కొంగు నోట్లో కుక్కుకుంది.

బుల్లియ్య కుర్చీలోంచి లేచి తమ్ముడి దగ్గరకి వచ్చాడు. "తూము నాది ఇప్పుడు. నీ వంతుకి నీళ్లు వదలమంటావా, చేను ఎండబెట్టుకుంటావా?"

"వదలమనే అడుగుతున్నాను" అన్నాడు అచ్చిబాబు.

"అయితే నీ వంతు రోజు మధ్యాహ్నం ఇంటికొచ్చి నాకు అన్నం తినిపించి వెళ్లు. రాని రోజు తలుపు ఎత్తనివ్వను."

నాలుగో రోజున అచ్చిబాబు వంతు వచ్చింది. అన్న ఇంటికి వెళ్లాడు. పాపాయమ్మ కంచంలో అన్నం, గోంగూర పప్పు వడ్డించి ఎదురుగా పెట్టి, తలుపు దగ్గర నిలబడింది. అచ్చిబాబు చేతులు కడుక్కుని, పీట మీద కూర్చుని, అన్నం కలిపాడు. ఇంతకుముందు ఎవరికీ తినిపించిన అలవాటు లేదు. ముద్ద చేసి, కింద చెయ్యి అడ్డం పెట్టి, అన్న నోటి దగ్గరకి తీసుకెళ్లాడు. బుల్లియ్య నోరు తెరిచాడు.

వేళ్లు లోపలికి వెళ్లగానే పళ్లు బిగించాడు. చర్మం తెగేదాకా, తెగాక ఎముక తగిలేదాకా కొరికాడు. అన్నం ముద్దలోంచి నెత్తురు కారి గడ్డం మీదకి దిగింది. పాపాయమ్మ ఒక అడుగు ముందుకి వేసి ఆగిపోయింది. బుల్లియ్య కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి, దవడ మాత్రం వదలడం లేదు. అచ్చిబాబు చెయ్యి వెనక్కి లాక్కోలేదు. పళ్లు వాటంతట అవి వదిలేదాకా అలాగే ఉంచాడు.

వదిలాక బుల్లియ్య ఆ ముద్ద నమిలి మింగాడు. అచ్చిబాబు కుడి చెయ్యి కడుక్కుని వచ్చి, వేళ్లకి గుడ్డ చుట్టుకున్నాడు. ఎడం చేత్తో రెండో ముద్ద కలిపాడు.